ఎడమచేతి బరువు

“కుడికాలు ముందు, హైమా. ఎడమకాలి సంగతి అదే చూసుకుంటుంది. ఆఁ, మడమ ఆనించు... ఇప్పుడు వేళ్ళు. అదీ!”

ఏడాదిన్నరగా లక్ష్మీపతి రోజూ పొద్దున్న ఐదున్నరకి సరోజినీ నగర్ పార్కులో భార్యకి ఇదే పాఠం చెబుతున్నాడు. చుట్టుపక్కల క్వార్టర్లవాళ్ళకి తెలుగు ముక్క రాకపోయినా ఈ మాటలు మాత్రం కంఠతా వచ్చేశాయి. పాలడిపో ముందు క్యూలో నిలబడ్డ సర్దార్జీ ఒకాయన ఆ పొగమంచులోంచే “కుడికాల్, కుడికాల్, భాభీజీ!” అని కేకేసేవాడు. హైమవతి సిగ్గుపడి కొంగు మూతికి అడ్డం పెట్టుకోబోయేది. కుడిచెయ్యి అంత ఎత్తు లేచేది కాదు. సగంలోనే ఆగిపోయి, మళ్ళీ కిందికి జారేది.

అది డిసెంబరు మూడో శనివారం. ఆసియాడ్ ఆటలు ముగిసి రెండు వారాలైనా ఢిల్లీకి ఆ పూనకం ఇంకా దిగలేదు. ఆఫీసు ఫైలు తప్ప మరేదీ ఎత్తి ఎరగని గుమాస్తాలు కూడా తెల్ల కాన్వాసు బూట్లు కొనుక్కుని, మంకీ టోపీలు చెవులకి లాక్కుని, పార్కు చుట్టూ బుసలు కొడుతూ పరిగెడుతున్నారు. హోలీ నాటికి వీళ్ళలో సగంమంది మళ్ళీ రజాయిల్లో దూరతారని లక్ష్మీపతికి తెలుసు. ఆరంభశూరత్వం చూసి నవ్వుకునేవాడే తప్ప ఎవర్నీ ఏమీ అనేవాడు కాదు. “పరుగు ఎవడైనా పెడతాడు హైమా, రోజూ నడవడమే కష్టం” అని భార్యతో మాత్రం అన్నాడు.

యాభై నాలుగేళ్ళ మనిషి. పొట్టి. బక్కపలచన. నెత్తిమీద మిగిలిన నాలుగు వెంట్రుకలకీ నూనె రాసి, నున్నగా దువ్వి, పాపిట తీసేవాడు. ఆయన్ని వెనకనుంచి చూసిన వాళ్ళెవరికైనా ముందు కనిపించేది ఆ భుజాల వంకర. ఎడమ భుజం కుడి భుజం కంటే రెండు వేళ్ళు కిందికి దిగి ఉంటుంది. చొక్కా కుట్టే దర్జీ ప్రతిసారీ కొలత టేపు రెండుసార్లు పెట్టి చూసుకునేవాడు. ఇరవై నాలుగేళ్ళపాటు ఆ చేత్తో సాంబారు బకెట్టు మోసినందుకు భుజానికి దక్కిన బహుమానం అది. అశోకా రోడ్డులో తెలుగువాళ్ళ భోజనం మెస్సు ఒకటుంది. పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో కోనసీమనుంచి రైలెక్కి వచ్చి అందులో వడ్డనకి చేరాడు. ఇప్పటికీ వడ్డిస్తూనే ఉన్నాడు. పైకి ఎదిగిందీ లేదు, కిందికి జారిందీ లేదు.

పిల్లలు లేరు. సరోజినీ నగర్‌ని ఆనుకునే ఉన్న పిలంజి గ్రామంలో, ఒక గుజ్జరుల ఇంటి వెనక, ఒక గది. అందులో ఇద్దరు మనుషులు, ఒక కిరసనాయిలు స్టవ్వు. హైమవతి మాటకారి. చుట్టుపక్కల ఆడవాళ్ళకి హిందీలో వంకరటింకర జోకులు చెప్పి నవ్వించేది. రెండేళ్ళ క్రితం దీపావళి వెళ్ళిన మూడో నాడు, కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటూ అలాగే ఒరిగిపోయింది. రక్తపోటు పెరిగి పక్షవాతం వచ్చిందన్నారు. కుడిపక్క కాలూ చెయ్యీ పడిపోయాయి, మాట మూతిలోనే ముద్దయింది. పెద్దాసుపత్రిలో ఇరవై రెండు రోజులుంచి ఇంటికి పంపేటప్పుడు డాక్టరు హిందీలో చాలా చెప్పాడు. ఉప్పు మానాలి, కోపతాపాలు మానాలి, రోజూ నడవాలి, పడిపోయిన చేత్తోనే పని చేయిస్తూ ఉండాలి. ఇవన్నీ చెప్పి, ఆఖర్న, “మళ్ళీ ఒకసారి గనక వస్తే మా చేతుల్లో ఏమీ ఉండదు” అన్నాడు.

లక్ష్మీపతికి ముందు మాటలన్నీ వినపడ్డాయి. ఆ ఆఖరి మాట మాత్రం లోపలికి దిగి కూర్చుంది. ఆ రోజునుంచీ ఆయనకి వేరే భయం లేదు. ఉద్యోగం పోతుందన్న భయం లేదు, ముసలితనం భయం లేదు. హైమకి రెండోసారి రాకూడదు. అంతే. లేస్తే అదే ధ్యాస, కూర్చుంటే అదే ధ్యాస.

మాట నెలలోనే మెల్లిగా తిరిగొచ్చింది, కాలూ చెయ్యే మొండికేశాయి. మొదటి నెల మంచం నుంచి గుమ్మం దాకా నడిపించాడు. తరవాత గుమ్మం నుంచి కుళాయి దాకా. తను పడిపోయిన ఆ కుళాయి దగ్గరికి రానని ఆవిడ ఏడిస్తే, తనూ పక్కన కూర్చుని ఏడ్చి, ముక్కు తుడుచుకుని, “సరే, అయిందిగా, ఇంక పద” అన్నాడు. ఆ తరవాత ఒక దీపస్తంభం, రెండు దీపస్తంభాలు, వేసవికి పార్కు గేటు. ఇప్పుడు పార్కు చుట్టూ నాలుగు చుట్లు. ఆవిడ కుడిపక్క ఆయన నిలబడి, తన ఎడమచెయ్యి ఆవిడ చంక కిందనుంచి పోనిచ్చి పట్టుకుంటాడు. అంటే పొద్దున్న భార్య, మధ్యాహ్నం బకెట్టు. రెండు బరువులూ ఆ చేతిమీదే.

ఆ చెయ్యే వారం రోజులుగా పేచీ పెడుతోంది. మోచేతినుంచి భుజం దాకా, ఒక్కోసారి దవడ దాకా, లోపల ఎవరో మెలిపెట్టినట్టు నొప్పి. నడుస్తుంటే వస్తుంది, నిలబడితే తగ్గుతుంది. మోసి మోసి అరిగిపోయిందిలే, చలి ఒకటి, అనుకున్నాడు. ఇరవై నాలుగేళ్ళుగా నొప్పి పుట్టే చెయ్యి కొత్తగా నొప్పి పుడితే ఎవడు మాత్రం ఏమనుకుంటాడు!

మూడో చుట్టు మొదట్లో ఆ మెలి ఒక్కసారి గట్టిగా పట్టింది. అప్రయత్నంగా చెయ్యి వెనక్కి లాగేసుకుని, దగ్గర్లో ఉన్న సిమెంటు బల్ల పట్టుకుని నిలబడ్డాడు. చెమట పోసింది. గుండె దడదడలాడింది. కానీ ఆ దడ తన గురించి కాదు. అయ్యో, వదిలేశానే, పడిపోయిందేమో అని తలెత్తి చూశాడు.

హైమవతి నడుస్తోంది. ఆయన వదిలేసిన సంగతి ఆవిడకి తెలియనే తెలియదు. పక్కనే ఉన్నాడనుకుని ఏదో చెప్పుకుంటూ, కుడికాలు ముందు, మడమ, వేళ్ళు, మంచులోకి నడిచిపోతోంది. పది అడుగులు, ఇరవై అడుగులు. మలుపు కూడా తిరిగింది. అక్కడ పక్కకి చూసి, ఖాళీ కనిపించి, కెవ్వుమంది.

“ఏవండీ! ఎక్కడున్నారు? పట్టుకోండి, పడిపోతాను!”

“ఎందుకు పడతావే, ఇందాకణ్ణుంచీ పడ్డావా? నడు, వెనకాలే ఉన్నాను!” అని ఆయన బల్ల వదిలి, చిన్నపిల్లాడిలా నవ్వుతూ పరుగులాంటి నడకతో వెళ్ళాడు. చేతులు కట్టుకుని వెనకాలే నడిచాడు. ఆ చుట్టంతా ఆవిడ ఒక్కతే నడిచింది. పాలడిపో దగ్గర సర్దార్జీ పాలడబ్బా కింద పెట్టి చప్పట్లు కొట్టాడు. హైమవతి ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. ఏడవకు, బీపీ పెరుగుతుందని ఆయన కసిరాడు.

ఇంటికొచ్చేసరికి సరళకుమారి గుమ్మంలో కూర్చుని ఉంది. నరసాపురం మిషన్ ఆసుపత్రిలో నర్సు చదువు చదివి ఢిల్లీ వచ్చిన మనిషి. పెద్దాసుపత్రిలో హైమవతి వార్డులో ఉన్నది ఈవిడే. రెండు సందుల అవతలే కాపురం. ఆ పరిచయంతో ప్రతి శనివారం పొద్దున్నే, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ, సొంత బీపీ మిషను సంచిలో వేసుకొచ్చి చూసి పోతుంది. ఇలా వచ్చి చూసినందుకు ఏమీ తీసుకోదు, ఒక గ్లాసు కాఫీ తప్ప.

“వదినగారు ఒక్కరే నడిచారా! ప్రభువుకి స్తోత్రం” అని హైమవతిని కావలించుకుంది. చేతికి పట్టీ చుట్టి, బుడ్డి నొక్కి, చెవుల్లో గొట్టాలు పెట్టుకుని చూసింది. నూట నలభైకి తొంభై. రెండేళ్ళలో ఇంత తక్కువ ఎప్పుడూ లేదు.

“మందులు కాదండీ అన్నయ్యగారూ, మీ చాదస్తమే ఈవిణ్ణి బతికించింది” అంది సరళకుమారి.

చాదస్తమే మరి. ఉప్పు మానడమంటే ఆ ఇంట్లో ఉప్పుడబ్బానే మానేశాడు. డబ్బా పక్కింటివాళ్ళకి ఇచ్చేశాడు. ఆవకాయ, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఏవీ గడప దాటి రాకూడదు. ఉప్పులేని పప్పులో నిమ్మకాయ పిండి, వేయించిన జీలకర్ర పొడి చల్లి, కొత్తిమీర దట్టంగా వేసి, నాలికని ఎలా మోసం చెయ్యాలో ఒక్కొక్కటే కనిపెట్టాడు. మొదట్లో ఆవిడ కంచం తోసేసింది. “నా ఒక్కదానికే ఈ గడ్డి, మీకేం, మెస్సులో రాజభోజనం” అంది. ఆ రాత్రినుంచీ ఇంట్లో ఆయన కూడా ఉప్పు లేకుండానే తిన్నాడు. చేతికి సాధకం కూడా ఆయన పెట్టిందే. ఒక గిన్నెలో గుప్పెడు రాజ్మా గింజలు, పక్కన ఖాళీ గిన్నె. కుడిచేతి వేళ్ళతో ఒక్కొక్క గింజా అందులోంచి ఇందులోకి. పొద్దున్న వంద, సాయంత్రం వంద.

కానీ ముద్ద మాత్రం ఇంకా నోటిదాకా వచ్చేది కాదు. ఎడమచేత్తో తినమని సరళకుమారి ఎన్నోసార్లు చెప్పింది. హైమవతి ఒప్పుకోలేదు, లక్ష్మీపతి అసలు ఒప్పుకోలేదు. పొద్దున్న తను వెళ్ళేముందూ, రాత్రి తను వచ్చాకా, కలిపి నోట్లో పెట్టేవాడు. మనుషుల మధ్య తినాల్సి వస్తుందని ఆవిడ ఈ రెండేళ్ళలో ఏ పెళ్ళికీ, ఏ పేరంటానికీ వెళ్ళలేదు.

ఆ రోజు పప్పన్నం కలిపి, చెయ్యి ఎత్తబోయి, ఆయన ఆగిపోయాడు. “నువ్వే తిను” అని కంచం ఆవిడ ముందుకి జరిపాడు. ఒక్కతే నడిచిన పొగరు ఇంకా దిగలేదేమో, హైమవతి కాదనలేదు. కుడిచేతి వేళ్ళు ముద్దచుట్టూ ముడుచుకున్నాయి. చెయ్యి లేచింది, వణికింది, సగం మెతుకులు ఒళ్ళో పడ్డాయి. మిగిలిన సగం నోట్లోకి వెళ్ళింది. నమిలింది.

“చప్పగా ఉంది” అంది హైమవతి. ముగ్గురూ నవ్వారు.

వెళ్ళబోతూ సరళకుమారి ఆయన మొహం వంక చూసింది. “ఏంటండీ అన్నయ్యగారూ, నల్లబడిపోయారు? ఏదీ, చొక్కా చెయ్యి పైకి లాగండి. ఒక్క నిమిషం, మీదీ చూసేస్తాను.”

“నాకెందుకండీ సిస్టరుగారూ? నాకేం రోగం? రోజంతా నడుస్తూనే ఉంటాను కదా. మెస్సులో ఆ గోడనుంచి ఈ గోడకి ముప్ఫై అడుగులు. ఎన్నిసార్లు తిరుగుతానో! నేను నడిచిన నడకకి ఈపాటికి కాలినడకన కాకినాడ చేరిపోదును.”

“అది పని అండీ, వ్యాయామం కాదు.”

“బస్సు టైమైపోతోంది. వచ్చే శనివారం చూద్దురుగాని. అలాగేనండీ, ఒట్టు” అని మఫ్లరు చుట్టుకుని వెళ్ళిపోయాడు. రాత్రంతా వార్డులో నిలబడి కాళ్ళు పీకుతున్న సరళకుమారి కూడా సరేలే అనుకుంది. రెండేళ్ళపాటు, వంద శనివారాలు, హైమవతి చెయ్యి కదలకుండా పట్టుకుని మిషను పక్కనే కూర్చున్న చెయ్యి అది. దానికి ఒక్కసారైనా ఆ పట్టీ చుట్టలేదు. ఆమె ఈ మాట తలుచుకుని తలుచుకుని ఏడ్చే రోజు అదేనని అప్పుడెవరికి తెలుసు?

మెస్సులో లక్ష్మీపతికి డాక్టరని పేరు. వెక్కిరింపుగా పెట్టిన పేరే గాని, ఆయన దాన్ని సీరియస్‌గానే తీసుకున్నాడు. పరీక్షలకి చదివే కుర్రాళ్ళు తెల్లవార్లూ మేలుకుని కళ్ళు పీక్కుపోయి వస్తే, “బాబూ, పుస్తకం ఎక్కడికీ పారిపోదు, పదింటికి పడుకుని ఐదింటికి లేవండి” అని పెరుగు ఇంకో గరిటె వేసేవాడు. రామమూర్తిగారని ఒక మంత్రిత్వశాఖలో అండర్ సెక్రటరీ ఉన్నారు, ఆయనకి రక్తపోటు. ఆయన బల్లమీదనుంచి ఊరగాయ జాడీ లక్ష్మీపతి నిశ్శబ్దంగా ఎత్తుకుపోయి పక్క బల్లమీద పెట్టేవాడు. రామమూర్తిగారు పక్క బల్లకి చెయ్యి చాపితే, జాడీ అక్కడినుంచి కూడా మాయమయ్యేది. “ప్రభుత్వంలో ఇంత గట్టి ఆఫీసరు ఒక్కడుంటే చాలయ్యా” అని ఆయన గొణుక్కుంటూ తినేవారు.

ఆ డాక్టరుగారు మాత్రం మూడింటికి, అందరి భోజనాలూ అయ్యాక, పొయ్యి పక్కన పీటమీద కూర్చుని వేడన్నంలో గోలీకాయంత ఆవకాయ ముద్ద కలుపుకుని తినేవాడు. ఇంట్లో చచ్చిన నాలికని అక్కడ బతికించుకునేవాడు. మనిషి బుద్ధి చూడండి! లోకానికంతటికీ ఉన్న ఒళ్ళు తనకీ ఉందని ఆయనకి తట్టలేదు. ఒంట్లో బాగాలేనిది హైమకి. బాగా చూసుకోవలసింది హైమని. తను చూసుకునేవాడు. చూసుకునేవాడికి జబ్బేమిటి?

పదకొండున్నరకి మొదటి బంతి మొదలైంది. శనివారం కాబట్టి రద్దీ. లక్ష్మీపతి బకెట్టు ఎత్తగానే నొప్పి మళ్ళీ అందుకుంది. రెండు బల్లలు వడ్డించి, వంటింట్లోకి వచ్చి, బకెట్టు గట్టుమీద పెట్టి, గోడకి ఆనుకున్నాడు.

వంటమాస్టరు భీమేశ్వరరావు ద్రాక్షారామం మనిషి. లక్ష్మీపతి కంటే ఆరేళ్ళు పెద్ద. ఆయన్ని ఒరేయ్ అని పిలిచే హక్కు ఢిల్లీ మొత్తంమీద ఈయనకొక్కడికే ఉంది.

“ఏంట్రా, చెయ్యి నొక్కుకుంటున్నావు?”

“లాగేస్తోంది మాస్టారూ. ఇవాళ మరీను.”

“చెయ్యి మార్చుకోరాదూ? బకెట్టు కుడిచేత్తో పట్టుకో.”

“మరి వడ్డించేది? ఎడమచేత్తోనా?”

భీమేశ్వరరావు నాలిక కరుచుకున్నాడు. ఎడమచేత్తో అన్నం పెట్టడమంటే పెట్టకపోవడంకంటే అన్యాయం. ఎప్పుడో చాలా ఏళ్ళ క్రితం కొత్తగా చేరిన వడ్డనవాడొకడు తొందర్లో ఎడమచేత్తో గరిటె తిప్పాడు. బంతిలో ముగ్గురు పెద్దమనుషులు కంచాలముందునుంచి లేచిపోయారు. ఆ మెస్సులో గరిటె కుడిచేతిదే, కనక బకెట్టు ఎడమచేతిదే. ఇందులో రెండో మాట లేదు.

“పోనీ ఈ పూటకి కూర్చో. నేను మజ్జిగ పోసే వాణ్ణి పంపిస్తాను.”

“శనివారంపూట కూర్చుంటే ఎలాగండీ? సగం బకెట్టు చొప్పున తెస్తాను. రెండు తిరుగుళ్ళు ఎక్కువ, అంతేగా” అన్నాడు లక్ష్మీపతి. సగం బకెట్టు చొప్పున రెట్టింపు తిరిగాడు.

తిరుగుతున్నంతసేపూ ప్రతి బల్ల దగ్గరా ఒకటే కబురు. “మా ఆవిడ ఇవాళ ఒక్కర్తే నడిచిందండీ. పార్కు చుట్టూ, మొత్తం ఒక చుట్టు. ఆయ్, నిజమండీ. ముద్ద కూడా సొంతంగా తింది.” సాంబారు పోస్తూ ఆ మాట, పోశాక ఆ మాట. విన్నవాళ్ళకే మళ్ళీ చెప్పాడు. రామమూర్తిగారు ఆయన మొహం చూసి, “సంతోషమే గాని లక్ష్మీపతీ, డిసెంబరులో ఆ చెమటలేంటయ్యా?” అన్నారు. “వంటింటి సెగండీ” అని భుజానికి తుడుచుకుని వెళ్ళిపోయాడు.

రెండు దాటాక రద్దీ పలచబడింది. లక్ష్మీపతి వంటింటి గుమ్మంలో నిలబడి ఖాళీ అవుతున్న హాలువంక చూశాడు.

“మాస్టారూ, రేపు ఆదివారం కదా. హైమని తీసుకొస్తాను.”

“ఇక్కడికా?” భీమేశ్వరరావు గరిటె ఆపాడు.

“ఆయ్, ఇక్కడికే. పెళ్ళైనప్పట్నుంచీ అడుగుతూనే ఉంది, మీరు వడ్డిస్తుంటే ఒకసారి బంతిలో కూర్చుని తినాలని ఉందండీ అని. ఆడవాళ్ళు మెస్సుకేంటని నేనే తీసుకురాలేదు. తరవాత తెద్దామంటే చెయ్యి పడిపోయింది. ఇవాళ తింది మాస్టారూ, నా కళ్ళముందే తింది. రేపు ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి, అన్నీ నేనే వడ్డిస్తాను. ఆవిడకి మటుకు ఉప్పెయ్యకుండా కొంచెం పప్పు విడిగా తియ్యండి.”

“కొంచెమేంట్రా, గిన్నెడు తీస్తాను. పాయసం కూడా పెడతాను. పాయసంలో ఉప్పుండదుగా!”

“పంచదార తక్కువెయ్యండి” అన్నాడు డాక్టరు లక్ష్మీపతి.

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. మరి వడ్డించేవాడికి వడ్డించేదెవరో ఆ సామెత చెప్పినవాడు చెప్పలేదు. ఆ మెస్సులో మాత్రం దానికొక పద్ధతి ఉంది. వడ్డనవాళ్ళలో అందరికంటే ఆఖర్న తినేవాడికి వంటమాస్టరే స్వయంగా వడ్డించాలి. ఆఖరువాడు ఎప్పుడూ లక్ష్మీపతే. మూడుంబావుకి చేతులు కడుక్కుని వచ్చి పీటమీద కూర్చున్నాడు. భీమేశ్వరరావు అన్నం పెట్టి, ఆవకాయ జాడీ అందుకోబోయాడు.

“వద్దు మాస్టారూ. నోరు చేదుగా ఉంది. ఇవాళ చారన్నం చాలు.”

“చారు చల్లారింది, ఉండు, ఒక్క పొంగు రానిస్తాను” అని భీమేశ్వరరావు పొయ్యివైపు తిరిగాడు. వెనకనుంచి లక్ష్మీపతి గొంతు వినపడుతూనే ఉంది. రేపు బస్సులో తేవాలా, స్కూటర్ రిక్షాలో తేవాలా అని. బస్సైతే మెట్టు ఎత్తు, ఎక్కలేదేమో. రిక్షా అయితే కుదుపులు. బస్సే నయం, తను కింద నిలబడి పట్టుకుంటే...

చారు పొంగింది. గిన్నె దింపి, గరిటె ముంచి, భీమేశ్వరరావు ఇటు తిరిగాడు. లక్ష్మీపతి గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల ఎడమ భుజంమీదికి వాలింది. అలసి కునుకు తీశాడనుకుని, “ఒరేయ్, చారు” అన్నాడు. మళ్ళీ అన్నాడు. మూడోసారి అనలేకపోయాడు.

పక్క బంగళాలో ఉండే డాక్టరు పరుగున వచ్చి చూశాడు. గుండెపోటన్నాడు. వారం రోజులుగా వస్తూ ఉండాలి, చేతినొప్పి ఏమైనా ఉందని చెప్పేవాడా అని అడిగాడు. ఆ చెయ్యి ఎప్పుడూ నొప్పేనండీ, బకెట్టు చెయ్యండీ అది, అన్నాడు భీమేశ్వరరావు. చెబుతూ చెబుతూ కూలబడి, పసిపిల్లాడిలా ఏడ్చాడు.

హాల్లో బల్లలు పక్కకి జరిపి, తెల్లదుప్పటి పరిచి పడుకోబెట్టారు. భీమేశ్వరరావు టాక్సీ కట్టించుకుని పిలంజి వెళ్ళాడు. తిన్నగా ఆ గదికి వెళ్ళే ధైర్యం లేక ముందు సరళకుమారి తలుపు తట్టాడు. నిద్రలోంచి లేచి వచ్చిన మనిషి విషయం విని, గుమ్మం పట్టుకుని, “పొద్దున్న చూస్తానన్నానండీ... ఒక్క నిమిషం పని... వదిలేశాను” అని గోడకి తల కొట్టుకుంది. తరవాత కళ్ళు తుడుచుకుని, మిషను సంచి భుజాన వేసుకుంది. ఇప్పుడు కూడా అందరి భయం హైమవతి గురించే. ఈ మాట వింటే ఆవిడకి రెండోసారి వస్తుందేమో. లక్ష్మీపతి భయాన్ని వీళ్ళిద్దరూ మోసుకుని ఆ గదికి వెళ్ళారు.

ఒంట్లో కొంచెం నలతగా ఉంది, మిమ్మల్ని తీసుకురమ్మన్నాడని చెప్పారు. హైమవతి ఇద్దరి మొహాలూ చూసింది. జుట్టు సవరించుకుని, శాలువా కప్పుకుని, టాక్సీ ఎక్కింది. దారి పొడుగునా సరళకుమారి ఆవిడ మణికట్టు పట్టుకుని నాడి లెక్కపెడుతూనే ఉంది.

అశోకా రోడ్డు చేరేసరికి ఎండ చెట్లమీదికి ఎక్కేసింది. మెస్సు ముందు రామమూర్తిగారు, పరీక్షల కుర్రాళ్ళు, మరో నలభైమంది తలలు వంచుకుని నిలబడి ఉన్నారు. టాక్సీ దిగుతుంటే భీమేశ్వరరావు చెయ్యి అందించాడు. హైమవతి వద్దని తల ఊపింది. మూడు మెట్లు. కుడికాలు ముందు, మడమ, వేళ్ళు. జనం పక్కకి తొలిగి దారి ఇచ్చారు. ఆయన రోజూ తిరిగిన ముప్ఫై అడుగుల హాల్లో, మొట్టమొదటిసారి, ఎవర్నీ పట్టుకోకుండా నడిచి వెళ్ళింది. దుప్పటి పక్కన మెల్లిగా కూర్చుంది. లేవని చెయ్యి లేపి ఆయన ఎడమ భుజంమీద వేసింది.

“లేవండీ” అంది. “నేనొచ్చాను. ఒక్కదాన్నే నడిచి వచ్చాను, చూడరేం?”

అప్పటిదాకా బిగబట్టుకుని ఉన్న హాలంతా ఒక్కసారి ఘొల్లుమంది. సరళకుమారి ఆవిడ చేతికి పట్టీ చుట్టబోయింది. హైమవతి ఆ పట్టీ విప్పి పక్కన పెట్టేసింది. ఏడవడంలేదు. చాలాసేపు ఆయన మొహం చూస్తూ కూర్చుని, తల తిప్పి భీమేశ్వరరావుని అడిగింది.

“ఆయన అన్నం తిన్నారా, అన్నయ్యగారూ?”

ఆ పెద్దమనిషి అరవై ఏళ్ళలో తిండి దగ్గర అబద్ధమాడలేదు.

“తిన్నాడమ్మా. కడుపునిండా తిన్నాడు. చారన్నం అయ్యాక పెరుగు కూడా మళ్ళీ మళ్ళీ వేయించుకున్నాడు.”

హైమవతి సరేనన్నట్టు తల ఊపింది. అప్పుడు ఏడ్చింది.

లోపల వంటింట్లో, చల్లారిన పొయ్యి పక్కన, ఎవరికీ ఎత్తడానికి చేతులు రాని స్టీలు కంచంలో, తెల్లటి అన్నం మధ్య చారు కోసం ఆయన వేళ్ళతో చేసుకున్న గుంట అలాగే ఉంది.